పక్క వీధి బంకు కింద ఏముందో తెలుసుకోవడం ఎలా? శాంటా క్లారా కౌంటీలో ఇల్లు కొనేవాళ్ళ కోసం

కాలిఫోర్నియాలో సన్నీవేల్‌లోనో శాన్ హోసేలోనో ఇల్లు చూస్తున్నారనుకోండి. స్కూళ్ళ రేటింగులు చూస్తాం, ఆఫీసుకి ఎంత దూరమో చూస్తాం, తూర్పు వాకిలి అవునా కాదా అని ఫోన్లో దిక్సూచి పెట్టి మరీ చూస్తాం. వీధి చివర పెట్రోల్ బంకు కనబడితే మాత్రం "ఆఁ, పెట్రోలుకి దగ్గరే" అని సంతోషపడి వచ్చేస్తాం. ఆ బంకు కింద ఒక్కోటి పదివేల గ్యాలన్లు, అంటే దాదాపు 38 వేల లీటర్లు పట్టే ట్యాంకులు రెండో మూడో పాతిపెట్టి ఉంటాయి. అవి ఎప్పుడైనా కారాయా, కారితే ఎంత దూరం పాకింది, ఎవరు శుభ్రం చేశారు అన్నది చాలావరకు ప్రభుత్వ రికార్డుల్లో ఉంటుంది, ఎవరైనా పైసా కట్టకుండా చూసుకోవచ్చు.

ఈ సంగతి మొదట్లో నాకూ తెలియదు. మేం ఇల్లు కొనేటప్పుడు అమ్మేవాళ్ళు ఇచ్చిన డిస్‌క్లోజర్ కాగితాల కట్టలో, ఎక్కడో వెనకాల, చుట్టుపక్కల లీకైన ట్యాంకుల జాబితా ఒకటి కనబడింది. ఏజెంట్‌ని అడిగితే "అవన్నీ క్లోజ్డ్ అండీ, టెన్షన్ పడకండి" అన్నాడు. క్లోజ్డ్ అంటే శుభ్రమైపోయిందనా, ఫైలు మూసేశారనా అని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. రెండు రాత్రులు కూర్చుని నేనే చదువుకున్నాను. అప్పట్నుంచి ఇల్లు కొంటున్న ప్రతి స్నేహితుడికీ ఫోన్లో ఇదే పాఠం చెబుతున్నాను, గొంతు నొప్పెట్టి ఇక రాసి పెడుతున్నాను.

ముందు ఓ ముక్క చరిత్ర, ఎందుకంటే ఈ రికార్డులు ఎక్కడివో తెలిస్తే వాటిలో ఏం ఉంటుందో, ఏం ఉండదో అర్థమవుతుంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, 2020 జనాభా లెక్కల్లో ఇక్కడ 19 లక్షల పైచిలుకు జనం. భూగర్భ ట్యాంకుల చట్టాలకి ఒక రకంగా ఇదే పుట్టిల్లు. 1981లో దక్షిణ శాన్ హోసేలో ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ ఫ్యాక్టరీ దగ్గర, వాడేసిన సాల్వెంట్ (కడగడానికి వాడే రసాయన ద్రావకం) దాచే భూగర్భ ట్యాంకు కారి ఆ రసాయనం ఊరి తాగునీటి బావిలోకి చేరిందని బయటపడింది. ఆ గొడవలోంచే ఇక్కడి నగరాలు ట్యాంకుల మీద సొంత నిబంధనలు రాసుకున్నాయి. 1983లో పాలో ఆల్టో వైపు నుంచి గెలిచిన అసెంబ్లీ సభ్యుడు బైరన్ షేర్ తెచ్చిన బిల్లుతో అది రాష్ట్ర చట్టమైంది, 1984లో ఫెడరల్ చట్టం వచ్చింది. అంటే లీకుల్ని పద్ధతిగా నమోదు చెయ్యడం మొదలైందే అప్పుడు. అంతకుముందే మూతపడిన బంకుల గురించి కంప్యూటర్లో ఏమీ దొరక్కపోవచ్చు. దాని సంగతి తర్వాత చెప్తాను.

సరే, పనిలోకి దిగుదాం. మొదట బ్రౌజర్లో జియోట్రాకర్ అని వెతకండి. కాలిఫోర్నియా రాష్ట్ర జలవనరుల బోర్డు నడిపే సైటు అది, లాగిన్ అక్కర్లేదు. మీరు చూస్తున్న ఇంటి అడ్రస్ కొడితే మ్యాపు తెరుచుకుంటుంది, దాని నిండా రంగురంగుల గుర్తులు. మొదటిసారి చూసినవాళ్ళకి గుండె జారుతుంది, మా ఆవిడ అయితే "ఇక్కడ అసలు మనుషులు ఎలా బతుకుతున్నారు" అంది. జారనివ్వకండి. పాత పెద్ద కూడలి ఏదైనా తీసుకోండి, నాలుగు మూలల్లో రెండింట ఒకప్పుడు బంకులే, వాటిలో చాలా ఏదో ఒక కాలంలో కొద్దో గొప్పో కారినవే. చుక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం వల్ల ఏమీ తెలియదు. ఇంటికి ఐదారు వందల అడుగుల లోపల ఏమున్నాయో మాత్రం ఒక కాగితం మీద రాసుకోండి.

ఒక్కో చుక్క మీద నొక్కితే అది ఏ రకమో చెబుతుంది. ఇక్కడే చాలామంది కంగారు పడతారు. "పర్మిటెడ్ యూఎస్‌టీ" (యూఎస్‌టీ అంటే అండర్‌గ్రౌండ్ స్టోరేజ్ ట్యాంక్, భూగర్భ ట్యాంకు) అని ఉంటే అది ప్రస్తుతం పర్మిట్‌తో నడుస్తున్న ట్యాంకు, లీకు అని కాదు. "లస్ట్ క్లీనప్ సైట్" అని ఉంటే అది కారిన ట్యాంకు, లీకింగ్ అండర్‌గ్రౌండ్ స్టోరేజ్ ట్యాంక్‌కి పొట్టి పేరు లస్ట్ (ఆ పేరు పెట్టినవాళ్ళు నవ్వుకున్నారో లేదో తెలియదు). "క్లీనప్ ప్రోగ్రాం సైట్" అంటే ట్యాంకుతో సంబంధం లేని ఇతర కాలుష్యం, ఎక్కువగా డ్రై క్లీనింగ్ షాపులూ ఫ్యాక్టరీలూ. నన్నడిగితే ఇంటి పక్క పాత బంకు కంటే ఇంటి పక్క పాత డ్రై క్లీనింగ్ షాపుకే ఎక్కువ భయపడతాను. పెట్రోలుని మట్టిలోని సూక్ష్మజీవులు తింటాయి, గాలి తగిలే మట్టి మధ్యలో ఉంటే దాని ఆవిరి పైకి వచ్చేలోపే చాలావరకు ఖర్చైపోతుంది. డ్రై క్లీనింగ్ సాల్వెంట్ అలా కాదు, దశాబ్దాలు కూర్చుంటుంది, ఆవిరై ఇంటి ఫ్లోరు కిందికి వస్తుంది. ఈ కౌంటీలో చిప్ ఫ్యాక్టరీల పుణ్యమా అని అమెరికాలో ఇంకే కౌంటీలోనూ లేనన్ని సూపర్‌ఫండ్ సైట్లు (ఫెడరల్ ప్రభుత్వం జాబితాలో పెట్టి శుభ్రం చేయించే బాగా కలుషితమైన స్థలాలు) కూడా ఉన్నాయి. వాటి కోసం ఎన్విరోస్టార్ అని ఇంకో రాష్ట్ర సైటు ఉంది, అదే అడ్రస్ అక్కడా ఓసారి కొట్టండి. ఇక్కడ మాత్రం ట్యాంకుల గురించే మాట్లాడుకుందాం.

లస్ట్ సైటు పేజీ తెరిచాక పైన ఒక నంబరు కనబడుతుంది, చాలా పాత కేసులకి టీ06085తో మొదలవుతుంది. 06 అంటే కాలిఫోర్నియా, 085 అంటే శాంటా క్లారా. ఈ నంబరు రాసి పెట్టుకోండి, బంకు పేరు పదిసార్లు మారి ఉంటుంది, నంబరు మారదు. దాని కింద స్టేటస్ ఉంటుంది. "ఓపెన్ – సైట్ అసెస్‌మెంట్" అంటే ఎంత పాకిందో ఇంకా కొలుస్తున్నారు, నాకు ఇష్టం లేని మాట ఇదే, ఎందుకంటే ఎవరికీ ఇంకా పూర్తిగా తెలియదన్నమాట. "రెమిడియేషన్" అంటే శుభ్రం చేస్తున్నారు. "వెరిఫికేషన్ మానిటరింగ్" అంటే పని అయిపోయింది, మళ్ళీ పెరుగుతుందేమో చూస్తున్నారు. "ఎలిజిబుల్ ఫర్ క్లోజర్" అంటే కాగితాల పనే మిగిలింది. "ఇనాక్టివ్" అంటే ఎవరూ ఏమీ చెయ్యట్లేదు, ఓనరు దగ్గర డబ్బుల్లేవో, ఓనరే లేడో. చివరగా "కంప్లీటెడ్ – కేస్ క్లోజ్డ్".

ఆ క్లోజ్డ్ అన్న మాట దగ్గర ఆగండి. కేసు మూసేశారంటే ప్రభుత్వం ఆ బంకు ఓనరుని ఇంక ఏమీ చెయ్యమని అడగట్లేదని అర్థం. మట్టిలో చుక్క పెట్రోలు కూడా లేదని అర్థం కాదు. 2012లో రాష్ట్ర బోర్డు ఒక విధానం తెచ్చింది, ముప్పు తక్కువగా ఉన్న కేసుల్ని కొంత కాలుష్యం మిగిలి ఉన్నా మూసెయ్యొచ్చని. ఉదాహరణకి అందులో ఒక తరగతి ఉంది: నీళ్ళలో కలిసిన కాలుష్యం పొడవు 100 అడుగుల లోపు ఉండాలి, నీళ్ళ మీద తేలే పెట్రోలు ఉండకూడదు, దగ్గర్లోని బావీ వాగూ ఆ అంచుకి 250 అడుగుల పైన ఉండాలి. ఇవీ మిగతా షరతులూ కుదిరితే మిగిలినదాన్ని ప్రకృతికి వదిలేస్తారు. ఇది మోసమేం కాదు, లెక్క ప్రకారం సబబే. కాకపోతే మీరు ఆ స్థలంలోనే, లేదా ఆనుకుని ఉన్న స్థలంలో తవ్వే ఆలోచనలో ఉంటే లెక్క మారిపోతుంది.

మా స్నేహితుడొకడు పాత బంకు స్థలం ఒకటి చూశాడు, కేసు మూసేసి చాలా ఏళ్ళైంది, రేటు బాగుంది, కింద పార్కింగు తవ్వి పైన షాపులు వేద్దామని ప్లాను. కేసు మూసినప్పుడు ప్రభుత్వం ఇచ్చిన ఉత్తరం చదివి చెప్పమన్నాడు. రెండో పేజీలో ఒక్క వాక్యం: స్థలం వాడకం మారితే, లేదా తవ్వకాలు మొదలుపెడితే ముందు కౌంటీకి తెలియజెయ్యాలి, మిగిలిన కాలుష్యం వల్ల మట్టిని ప్రత్యేకంగా తరలించాల్సి రావచ్చు. ఆ మట్టి మామూలు డంపు యార్డుకి వెళ్ళదు, లారీకింత అని వేరే రేటు. కాంట్రాక్టరుతో లెక్క వేయించాక రేటు ఎందుకు బాగుందో మావాడికి తెలిసింది.

అందుకే అసలు పని స్టేటస్ చదవడం కాదు, పీడీఎఫ్‌లు చదవడం. సైటు పేజీలో మ్యాపులు, డాక్యుమెంట్లు అన్న ట్యాబ్ తెరవండి. 2005 తర్వాతి రిపోర్టులు కంపెనీలే ఎలక్ట్రానిక్‌గా పెట్టాలి కాబట్టి బాగానే దొరుకుతాయి, అంతకుముందువి స్కాన్ చేసి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఒక్కోటి రెండు మూడు వందల పేజీలు, సగం ల్యాబ్ కాగితాలే. అన్నీ చదవక్కర్లేదు, మూడు చాలు. ఒకటి కేసు మూసిన ఉత్తరం, దానితో పాటు ఉండే క్లోజర్ సమ్మరీ. రెండోది గ్రౌండ్‌వాటర్ బాణం గుర్తున్న సైటు మ్యాపు. మూడోది చివరి మానిటరింగ్ రిపోర్టులోని పెద్ద పట్టిక.

మ్యాపుతో మొదలుపెట్టండి. బంకు గీత గీసి ఉంటుంది, ట్యాంకులు దీర్ఘచతురస్రాలు, చుట్టూ ఎండబ్ల్యూ-1, ఎండబ్ల్యూ-2 అని చిన్న గుండ్రాలు. ఇవి మానిటరింగ్ బావులు. బావి అంటే మన ఊరి గిలక బావి అనుకునేరు, రెండంగుళాలో నాలుగంగుళాలో ఉండే ప్లాస్టిక్ పైపు. బంకు దగ్గర నిలబడి కిందికి చూస్తే కాంక్రీటులో పెద్ద పళ్ళెమంత ఇనప మూత, దానికి బోల్టులు, మీద మానిటరింగ్ వెల్ అని పోత అక్షరాలు కనబడతాయి. నేను ఇప్పుడు ఎక్కడ పెట్రోలు కొట్టించినా ముందు నేల వైపే చూస్తాను, పిల్లలు నవ్వుతారు. ఆ మూతలు బంకు దాటి ఎదురు ఫుట్‌పాత్ మీద, ఇంకా ఇళ్ళ వీధిలోకి కూడా కనబడ్డాయంటే, లీకు ఆ దూరం దాకా వెళ్ళిందేమో అని ఎవరో ఒకప్పుడు అనుమానించారన్నమాట.

మ్యాపులో బాణం భూగర్భ జలం ఎటు పారుతోందో చెబుతుంది. వాస్తులో ఈశాన్యం ఎటో చూసినంత శ్రద్ధగా ఈ బాణం చూడండి. కౌంటీ ఉత్తర భాగంలో నీళ్ళు మొత్తమ్మీద శాన్ ఫ్రాన్సిస్కో బే వైపుకి, అంటే ఉత్తరానికి పోతాయి. మోర్గన్ హిల్ దాటి గిల్‌రాయ్ వైపు వెళ్తే దక్షిణానికి తిరుగుతాయి. స్థానికంగా వాగులూ పాత బంకమట్టి పొరలూ దాన్ని అటూ ఇటూ తిప్పుతాయి కాబట్టి మీ సైటు మ్యాపులో ఉన్న బాణమే నమ్మండి. మీ ఇల్లు బాణం వెనక ఉంటే 200 అడుగుల దూరం కూడా చాలావరకు నిశ్చింతే, బాణం ముందుంటే అదే 200 అడుగుల గురించి పట్టిక చదవాలి.

పట్టికలో అడ్డ వరసకో తేదీ, నిలువు వరసల్లో నీటి లోతు, టీపీహెచ్-జీ, బెంజీన్, ఎంటీబీఈ. టీపీహెచ్-జీ అంటే మొత్తం పెట్రోలు జాతి సరుకు. బెంజీన్ క్యాన్సర్ తెచ్చేది, తాగునీళ్ళలో కాలిఫోర్నియా హద్దు లీటరుకి 1 మైక్రోగ్రాము. ఎంటీబీఈ అనేది పొగ తగ్గాలని ఒకప్పుడు పెట్రోల్లో కలిపిన రసాయనం, 2003 చివరికల్లా ఇక్కడ ఆపేశారు. దీని తంటా ఏంటంటే మట్టికి అంటుకోదు, నీళ్ళతో పాటు పరిగెడుతుంది, బెంజీన్ కంటే చాలా ముందుకి పోతుంది. దీనికి తాగునీటి హద్దు అదే కొలతలో 13, కానీ టర్పెంటైన్ లాంటి వాసన, రుచి వల్ల 5 దగ్గరే ఇంకో హద్దు పెట్టారు. పట్టికలో "<0.5" అని ఉంటే పరికరానికి దొరకలేదని అర్థం, అదే మనకి కావాల్సింది.

ఒక్క తేదీ చూసి వదిలెయ్యకండి, పైనుంచి కిందికి చదవండి. బెంజీన్ వేలల్లో మొదలై, వందలకి దిగి, పదులకి దిగి, అలా సాగితే మంచి కథ. శుభ్రం చేసే యంత్రం ఆపేశాక ఏడాదికి మళ్ళీ పైకి లేచిందా అన్నది ముఖ్యం, లేస్తుంది కొన్నిసార్లు, ఎందుకంటే నీటి మట్టం పెరిగినప్పుడు పైన మట్టికి అంటుకున్న పాత పెట్రోలు మళ్ళీ కడుగుతుంది. కరువు సంవత్సరాల్లో "డ్రై" అని రాసి ఉంటుంది, అంటే బావిలో నీళ్ళు లేక నమూనా తీయలేదు. దాన్ని "ఏమీ లేదు" అని చదువుకుని సంతోషపడకండి, నేను మొదట్లో అలాగే చదివాను.

ఇక తాగే నీళ్ళ భయం. నగరం కుళాయి నీళ్ళయితే సరఫరా చేసేవాళ్ళు పరీక్ష చేసి ఏటా రిపోర్టు ఇస్తారు. అక్కడి బావులు సాధారణంగా వందల అడుగుల లోతువి, పై నీళ్ళకీ వాటికీ మధ్య చాలాచోట్ల బంకమట్టి పొరలు ఉంటాయి. కౌంటీ దక్షిణాన శాన్ మార్టిన్ వైపు సొంత బోరు ఉన్న ఇల్లు కొంటుంటే మాత్రం ఆ నీళ్ళు మీరే ల్యాబ్‌కి పంపించండి, ఆఫరు పెట్టే ముందే.

కంప్యూటర్లో లేని ట్యాంకుల మాట చెప్తానన్నాను కదా. ఈ లోయ చిప్‌ల కంటే ముందు ప్రూన్, ఆప్రికాట్ తోటల లోయ. ట్రాక్టర్ల కోసం రైతులు ఇంటి వెనక చిన్న ట్యాంకు పాతుకునేవాళ్ళు, 1,100 గ్యాలన్ల లోపు వ్యవసాయ ట్యాంకులు చట్టం కిందికే రావు, కాబట్టి ఎవరి జాబితాలోనూ ఉండవు. పాత ఫామ్‌హౌస్ ఇల్లు అయితే పెరట్లో నడవండి. నేలలోంచి ఊరికే లేచిన సన్న ఇనప గొట్టం, గడ్డిలో దాక్కున్న గుండ్రటి మూత, ఒకేచోట కుంగిన నేల, ఇవి కనబడితే అడగండి. కాలిఫోర్నియాలో ఇల్లు అమ్మేవాళ్ళు నింపాల్సిన ఫారంలో ఇంధన ట్యాంకుల గురించి కూడా అడుగుతారు, "తెలియదు" అని రాసినా ఆ రాత మీ దగ్గర ఉండాలి. బంకు ఉండేదేమో అన్న అనుమానం ఉంటే శాన్ హోసే డౌన్‌టౌన్ మార్టిన్ లూథర్ కింగ్ లైబ్రరీలోని కాలిఫోర్నియా రూమ్‌కి వెళ్ళండి, పాత సిటీ డైరెక్టరీల్లో వీధి నంబరు పట్టుకుని ఏ ఏడాది ఏ దుకాణం ఉందో చూడొచ్చు. శాన్‌బార్న్ కంపెనీ వాళ్ళు అగ్నిబీమా కోసం గీసిన పాత మ్యాపుల్లో పెట్రోలు ట్యాంకులు కూడా గుర్తు పెట్టేవాళ్ళు. ఒక శనివారం పోతుంది, కానీ నాకైతే సరదాగానే ఉంది.

అర్థం కానిది ఉంటే ఫోన్ చెయ్యండి, మొహమాటం వద్దు. సైటు పేజీలోనే కేసు చూసే అధికారి పేరు, నంబరు ఉంటాయి. ఇక్కడ లీకు కేసులు 2004 దాకా వ్యాలీ వాటర్ డిస్ట్రిక్ట్ చూసేది, తర్వాత కౌంటీ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగానికి వెళ్ళాయి, కొన్ని రీజినల్ వాటర్ బోర్డు దగ్గర ఉంటాయి. ఇప్పుడు నడుస్తున్న బంకుల తనిఖీ వేరే, సన్నీవేల్, మౌంటెన్ వ్యూ లాంటి చోట్ల ఆ నగరపు ఫైర్ వాళ్ళదే. ఎవరినైనా "ఈ నంబరు కేసు ఫైలు మొత్తం కావాలి" అని పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద ఈమెయిల్ పెడితే పది రోజుల్లో ఇస్తామో లేదో చెప్పాలి. నేను మాట్లాడినవాళ్ళు ఓపిగ్గానే చెప్పారు, నిజానికి ఈ ఫైళ్ళ గురించి ఎవరైనా అడిగితే వాళ్ళకి సంతోషంలా అనిపించింది.

చివరిగా, నలుగురు కలిసి ఎల్‌ఎల్‌సీ అనే రకం కంపెనీ పెట్టి బంకే కొందామనుకునేవాళ్ళకి, ఎందుకంటే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఈ ముచ్చట నెలకోసారి వస్తుంది. మా మేనమామ ఊళ్ళో బంకులో లెక్కలు రాసేవాడు. రోజూ పొద్దున్నే డిప్ రాడ్‌కి చివర పేస్టు పూసి ట్యాంకులో దించేవాడు, పేస్టు రంగు మారితే అడుగున నీళ్ళు చేరినట్టు, రాడ్ మీద తడి గీతకీ నిన్నటి అమ్మకానికీ పొంతన లేకపోతే ఎక్కడో పోతున్నట్టు. ఇక్కడ ఆ పని ట్యాంకు లోపలి సెన్సర్లు చేస్తాయి, కానీ అడగాల్సింది అదే: గత మూడేళ్ళ అలారం చరిత్ర, ఏటా చేసే పరీక్షల కాగితాలు, తనిఖీ నోటీసులు. ట్యాంకు ఒంటి గోడదా జంట గోడదా అన్నది మొదటి ప్రశ్న. ఒంటి గోడ ట్యాంకులన్నీ 2025 డిసెంబరు 31 లోపు శాశ్వతంగా మూసెయ్యాలని రాష్ట్ర చట్టం గడువు పెట్టింది, కాబట్టి అలాంటిది ఎవరైనా "చవగ్గా" ఇస్తామంటే తవ్వి తీసే ఖర్చు, తీసేటప్పుడు కింద బయటపడేదాని ఖర్చు మీ నెత్తిన పెడుతున్నట్టే. చిన్న ఓనర్లకి ఆ పనికి రాష్ట్రం అప్పులూ గ్రాంట్లూ ఇచ్చే పథకం ఒకటుంది, రస్ట్ అని. ఇక లీకు శుభ్రం చెయ్యడానికి గ్యాలనుకి రెండు సెంట్లు వసూలు చేసి నడిపే క్లీనప్ ఫండ్ వేరే ఉంది. అమ్మేవాళ్ళు ఆ ఫండ్‌లో క్లెయిము వేసి ఉంటే దాని నంబరు, ఎంత వచ్చింది, ఎంత మిగిలింది అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఫేజ్ వన్ రిపోర్టు (స్థలం చరిత్ర, రికార్డులు చూసి కాలుష్యం ఉండొచ్చా అని చెప్పేది) మీ డబ్బుతో మీరే చేయించుకోండి. అమ్మేవాళ్ళు చేయించినది రెండేళ్ళ కిందటిదైతే బ్యాంకు ఎలాగూ ఒప్పుకోదు, పైగా ఆ రిపోర్టు రాసినవాళ్ళు జవాబు చెప్పాల్సింది వాళ్ళకి, మీకు కాదు.